యుద్ధ వార్తల మధ్య మనసు చెదరకుండా, మనిషిని మరవకుండా ఉండడం ఎలా?

పొద్దున ఫోను తెరిస్తే ఒక దేశంలో కూలిన ఇళ్లు. రాత్రి పడుకోబోయే ముందు ఇంకోచోట మునిగిన ఊళ్లు. నెలల తరబడి ఇవే చూసిన మనిషికి రెండింట్లో ఒకటి జరుగుతుంది. గుండె దడ పట్టుకుని నిద్ర పాడవుతుంది, లేదా చూసి చూసి మనసు మొద్దుబారుతుంది. మొదటిది బయటికి కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు గమనిస్తారు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. "ఎక్కడ చూసినా ఇంతేలే" అనడం అలవాటయ్యాక పక్కింటివాళ్ల కష్టం కూడా టీవీలో వార్తలాగే వినిపిస్తుంది. మా ఉద్దేశంలో రెండోదే పెద్ద ప్రమాదం.

మనం చేసిన పనివల్ల ఒక్కరికైనా మేలు జరిగిందని కళ్లారా చూసినప్పుడే ఆశ నిలుస్తుంది. అందుకే ఇక్కడ ధైర్యవచనాలు తక్కువ, పనులు ఎక్కువ. వరుస మాత్రం పాటించండి. ముందు వార్తలకు వేళ పెట్టుకోవాలి, తర్వాత అబద్ధాలు ఏరెయ్యాలి, ఆ తర్వాతే సాయానికి దిగాలి. మనసు కుదుటపడకుండా నేరుగా సేవలోకి దూకినవాళ్లు రెండు నెలలకే అలిసిపోయి, మునుపటికంటే ఎక్కువ నిరాశలో పడతారు.

వార్తలకు వేళ

రోజుకు రెండు పూటలు, పూటకు ఇరవై నిమిషాలు చాలు. పొద్దున టిఫిన్ అయ్యాక ఒకసారి, సాయంత్రం ఏడు లోపు ఒకసారి. లేచిన తర్వాత గంట, పడుకోబోయే ముందు గంట ఫోను వేరే గదిలో చార్జింగ్‌లో ఉండాలి. అలారం కోసమని మంచం పక్కన పెట్టుకుంటే ఈ నియమం మూడో రోజే తప్పుతుంది. కాబట్టి ముందే ఒక అలారం గడియారం కొనుక్కోండి.

చూడడం కన్నా చదవడం మేలు. బాంబు పడిన దృశ్యాన్ని చానల్ గంటలో ఇరవైసార్లు వేస్తుంది, వేసిన ప్రతిసారీ ఒళ్లు ఉలిక్కిపడుతుంది. అదే సంగతి పేపర్లో అయితే ఒక్కసారి చదివి ఊరుకుంటాం. పైగా ఏ ఘటనలోనైనా మొదటి కొన్ని గంటల్లో చెప్పే మృతుల సంఖ్య, కారణం, బాధ్యుల పేర్లు తరచూ మారిపోతుంటాయి. మర్నాటి పేపరు వరకు ఆగితే మీకు పోయేదేమీ లేదు, తప్పుడు భయం ఒకటి తగ్గుతుంది. రాత్రిపూట చర్చా కార్యక్రమాలైతే పూర్తిగా మానెయ్యొచ్చు. వాటిలో కొత్త సమాచారం దాదాపు ఉండదు.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపెయ్యండి. మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ అని మూడు వరుసలుంటాయి. చాలామంది మొదటిది ఒక్కటే ఆపి వైఫైని మరచిపోతారు, ఇంటికి రాగానే వీడియోలన్నీ దిగిపోతాయి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి. వార్తా యాప్‌ల నోటిఫికేషన్లు ఆపండి. తుపాను, పిడుగుల ప్రభుత్వ హెచ్చరికలు మాత్రం ఉంచుకోండి. అవి ప్రాణాలు కాపాడేవి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకేసారి అన్నీ మానెయ్యడం. నాలుగు రోజులయ్యాక ఏం జరిగిందోనన్న ఆత్రంతో కూర్చుంటే అర్ధరాత్రి దాకా లేవలేరు. మానడం కంటే కొలత పెట్టుకోవడమే నిలుస్తుంది.

కొడుకో కూతురో యుద్ధం జరుగుతున్న ప్రాంతంలోనే ఉన్నవాళ్ల సంగతి వేరు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో "టీవీ చూడొద్దు" అంటే కుదరదు. అక్కడ భయం తగ్గించేది సిద్ధపాటు. పిల్లల పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, అక్కడి గుర్తింపు కార్డు, కంపెనీ పేరు, ఉంటున్న క్యాంపు చిరునామా, ప్రవాసీ భారతీయ బీమా పాలసీ, ఇవన్నీ ఫోటో తీసి ఒకరి ఫోనులోనూ, కాగితం మీద ఇంటి బీరువాలోనూ ఉంచండి. ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం నంబరు, విదేశాల్లోని భారతీయులు సాయం కోరే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ చిరునామా ఆ కాగితం మీదే రాయండి. 2022లో యుక్రెయిన్ నుంచి మన వైద్య విద్యార్థులను ఆపరేషన్ గంగ కింద రొమేనియా, హంగరీ, పోలండ్ వంటి పొరుగు దేశాల మీదుగా తీసుకొచ్చారు. అలాంటి సమయంలో రాయబార కార్యాలయం అడిగేవి సరిగ్గా ఈ వివరాలే. రోజూ ఒక నిర్ణీత వేళకు "బాగున్నాను" అని ఒక్క మెసేజ్ పెట్టాలని పిల్లలతో ముందే మాట తీసుకోండి. నెట్‌వర్క్ పోయినప్పుడు ఎంతసేపు ఆగి చూడాలో కూడా అనుకోండి, పన్నెండు గంటలనుకుంటే పన్నెండు. ఆ గడువు తేలకపోతే తల్లి ప్రతి పది నిమిషాలకోసారి ఫోను చేస్తూనే ఉంటుంది.

ఫార్వర్డ్ చేసే ముందు

భయంలో సగం అబద్ధపు వీడియోలదే. ఆర్మా 3 అనే వీడియో గేమ్‌లోని దృశ్యాలు నిజమైన యుద్ధాలవని ఎన్నోసార్లు తిరిగాయి. ఆ గేమ్ తయారుచేసిన సంస్థే 2022లో దాని మీద ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

వాట్సాప్‌లో వీడియో రాగానే ముందు రెండు బాణాల గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది చాలా చేతులు మారి వచ్చినదని అర్థం. స్పష్టంగా ఉన్న చోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే బొమ్మ రెండేళ్ల కిందటి వార్తలో కనిపిస్తే పని అయిపోయినట్టే. కనిపించకపోతే షాపు బోర్డుల మీది లిపి, బండ్ల నంబరు ప్లేట్లు, వాతావరణం చెప్పిన ఊరికి సరిపోతున్నాయా చూడండి. హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ తెలుగులో కూడా నిజనిర్ధారణ కథనాలు ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన వాటికి పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది. ఇదంతా చేసినా తేలకపోతే ఫార్వర్డ్ చెయ్యకండి. నిజమైన వీడియో అయినా అందులో శవం ముఖం కనిపిస్తుంటే పంపకండి. ఆ మనిషికి ఇల్లుంది, ఆ ఇంట్లోవాళ్ల చేతుల్లోనూ ఫోన్లుంటాయి.

అంకె వెనక మనిషి

యుద్ధాలు, హింస, అణచివేతల వల్ల ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు 2024 చివరికి 12 కోట్లకు పైనే అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. ప్రపంచంలో ప్రతి 67 మందిలో ఒకరన్నమాట. ఇంత పెద్ద అంకె మనసుకు ఎక్కదు. దాన్ని మీకు తెలిసిన కొలతకు తెచ్చుకోండి. మీ ఊళ్లో పెళ్లికి 670 మంది వస్తే వాళ్లలో పది మందికి ఇవాళ తిరిగి వెళ్లేందుకు ఇల్లు లేదు. ఆ పది మందిలో ఒక ముసలాయన, ఒక బాలింత, పరీక్షలు రాయాల్సిన ఒక పిల్ల ఉంటారని తలుచుకోండి.

ఇది వారానికి ఒక్కసారి, ఒకే ఘటన మీద చెయ్యండి. నోటుబుక్కులో మూడు గళ్లు గీసి మొదటి గడిలో ఏం జరిగిందో, రెండో గడిలో ఎవరికి ఏం కష్టం వచ్చిందో, మూడో గడిలో అక్కడ ఎవరు పనిచేస్తున్నారో రాయండి. ఒక్కో గడికి రెండు మూడు వాక్యాలు చాలు. మూడో గడి నింపడానికే కాస్త వెతకాల్సి వస్తుంది, ఎందుకంటే వార్తల్లో అది చివరి పేరాలో ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు. ఆ గడి ఖాళీగా వదలకండి. డాక్టర్లు, అంబులెన్సు డ్రైవర్లు, వంటశాల నడిపేవాళ్లు, సొంత ఇల్లు పోయినా బడి తెరిచిన టీచర్లు ప్రతి ఉపద్రవంలోనూ ఉంటారు. 2024 సెప్టెంబరులో ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద మున్నేరు వరదలో తొమ్మిది మంది చిక్కుకుంటే, హరియాణా నుంచి బతుకుదెరువుకు వచ్చిన జేసీబీ డ్రైవరు బండి తీసుకుని నీళ్లలోకి వెళ్లి వాళ్లను తీసుకొచ్చాడు. ఆ తొమ్మిది మందీ అతనికి చుట్టాలేమీ కాదు.

పాత సంగతులు కూడా ఈ పుస్తకంలో రాసుకోవచ్చు, కాకపోతే వివరంగా రాయాలి. "మంచివాళ్లు ఎప్పుడూ ఉంటారు" అని రాస్తే రెండు రోజులకు ఆ మాటలో బలం పోతుంది. ఎలా జరిగిందో రాస్తే నిలుస్తుంది. ఉదాహరణకు 1971 తీసుకోండి. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి లక్షల మంది పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరా పుట్టింది. ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాలలేదు, వార్డులో నేల మీదే రోగులు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కొలిచి పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి, డ్రమ్ములకు కుళాయిలు బిగించి, రోగుల బంధువుల చేతనే కప్పులతో తాగించింది. నర్సులు చాలరు కాబట్టి తల్లులు, అన్నలు నర్సులయ్యారు. మరణాలు దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు పడిపోయాయి. ఇవాళ మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లానికి అంత నమ్మకం తెచ్చింది ఆ శిబిరమే.

ఆ కథ అక్కడితో ఆగలేదు. చక్కెర ఎక్కువున్న డబ్బా పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్ముతుంటే హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. విరేచనాలప్పుడు పొట్లం దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం, చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

ఒక జాగ్రత్త. మంచి కథలను మత్తుమందులా వాడకండి. మశూచి 1980 నాటికి భూమ్మీద లేకుండా పోయింది, మన దేశానికి 2014లో పోలియో రహితమన్న గుర్తింపు వచ్చింది, ఇవన్నీ నిజాలే. కానీ ఇవాళ బాంబుల కింద ఉన్నవాళ్ల కష్టాన్ని అవి చెరిపెయ్యవు. మనుషులు పట్టుబట్టి చేస్తే అయ్యే పనులున్నాయని మాత్రమే అవి రుజువు చేస్తాయి.

చేతికి అందే పని

గాజాలోనో సూడాన్‌లోనో యుద్ధం ఆపడం మన చేతిలో లేదు. కానీ మనిషి ప్రాణానికి విలువ ఉందన్న నమ్మకాన్ని మన వీధిలో ఆచరించవచ్చు. ఒక్క పని ఎంచుకోండి. నెలకు మూడు నాలుగు గంటలకు మించనిది, ఏడాది పాటు చెయ్యగలిగేది అయ్యుండాలి.

మేము మొదట చెప్పేది రక్తదానం. వయసు 18 నుంచి 65 లోపు, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. బరువును బట్టి 350 లేదా 450 మిల్లీలీటర్లు తీసుకుంటారు. ఖాళీ కడుపుతో వెళ్లకండి, వెళ్లే ముందు అర లీటరు నీళ్లు తాగండి, ఇచ్చాక పావుగంట కూర్చోండి. టిఫిన్ మానేసి వచ్చినా, వెంటనే లేచి బండెక్కినా కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది.

ప్రమాదం జరిగిన రోజే అందరూ ఒకేసారి వచ్చి ఇస్తే చిక్కు ఉంది. ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. ఒక్కరోజు వందల యూనిట్లు వస్తే కొంత పాడవుతుంది, రెండు నెలలకు మళ్లీ కొరత. తలసీమియా అనే రక్తజబ్బున్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఏడాది పొడవునా. కాలేజీలకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో దాతలు దొరకరు. అందుకే పది మంది స్నేహితులు కలిసి ఎవరు ఏ నెలలో ఇవ్వాలో క్యాలెండర్ మీద రాసుకోండి. వేసవి నెలలు ముందు నింపండి. మీ ఊరి బ్లడ్ బ్యాంకులో నిల్వ ఎంతుందో ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో చూడొచ్చు.

రక్తం ఇవ్వడం కుదరనివాళ్లకు వేరే పనులున్నాయి. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు వారానికి రెండు ఫోన్లు, ఆసుపత్రికి తోడు, బడి పిల్లలకు శనివారం లెక్కలు. ఏదైనా సరే, వేళ మారకూడదు. పిల్లలు మీకోసం ఎదురుచూసిన రోజు మీరు వెళ్లకపోతే రెండు వారాల మేలు పోతుంది.

వరద సాయానికి వెళ్లేవాళ్లు 2024లో విజయవాడ బుడమేరు వరదను గుర్తుంచుకోవాలి. బండి ఆగగలిగిన రోడ్డు మీద పొట్లాలు గుట్టలు పడతాయి, నడుములోతు నీళ్లున్న లోపలి వీధులకు ఏమీ అందదు. ఇలాంటప్పుడు వెళ్లే ముందే ఆ వీధిలో ఒకరితో ఫోనులో మాట్లాడి, ఎంతమంది, ఎన్నో అంతస్తు, పసిపిల్లలున్నారా, ఇన్సులిన్ అవసరమైనవాళ్లున్నారా అడిగి రాసుకోండి. మొదటి రెండు రోజులు తాగునీరు, పులిహోర, బిస్కెట్లు, పాలపొడి. సాంబారన్నం పొట్లం మూడు నాలుగు గంటలకే పులుస్తుంది, చింతపండు పులిహోర ఆగుతుంది. నీళ్లు తీసిన తర్వాత కావాల్సింది చీపుళ్లు, బ్లీచింగ్ పౌడరు, దోమల చక్రాలు, శానిటరీ ప్యాడ్లు, పిల్లల లోదుస్తులు. వారం దాటాక ఇంటికి పది కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, ఉప్పు, కారం, చింతపండు, బడి పుస్తకాలు. వాడిన చీరలు, చిరిగిన చొక్కాలు పంపకండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో అలాంటి బట్టలు రోడ్డు పక్కన కుప్పలుగా పడి ఉండేవి.

ఇచ్చే తీరులోనే మర్యాద ఉంది. తీసుకుంటున్నవాళ్ల ముఖం ఫోటో తియ్యకండి. దాతలకు లెక్క చూపాలంటే సామాన్ల ఫోటో, బిల్లులు చాలు. వరుసలో నిలబెట్టి పంచేకంటే బల్ల మీద పరిచి "మీకేం కావాలో తీసుకోండి" అనండి. పేరు అడిగి, "అమ్మా", "పెద్దయ్యా" అని పలకరించండి. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వచ్చినవాళ్లకు వేళ చూడకుండా, ఎవరని అడగకుండా అన్నం పెట్టారు. నూరేళ్లు దాటినా ఆ పేరు నిలిచింది, ఇవాళ ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం ఆమె పేరు మీదే నడుస్తోంది.

డబ్బు పంపాలనుకుంటే ఒకేసారి ఆవేశంగా అయిదు వేలు ఇచ్చేకంటే నెలనెలా మూడు వందలు ఒకే సంస్థకు ఇవ్వండి. సంస్థకు ప్రభుత్వ పోర్టల్ ఎన్జీవో దర్పణ్‌లో నమోదు ఉందా, ఏటా ఆడిట్ లెక్కలు బయటపెడుతుందా చూడండి. ఫోటోతో పాటు ఎవరిదో సొంత యూపీఐ నంబరు తిరుగుతుంటే ఆసుపత్రికి ఫోన్ చేసి రోగి ఉన్నాడో లేడో అడిగాకే పంపండి.

ఇంట్లో మాటలు

ఏడేళ్ల లోపు పిల్లలున్న గదిలో యుద్ధ దృశ్యాలు నడవకూడదు. అదే బొమ్మ మళ్లీ వేస్తే మళ్లీ బాంబు పడిందనుకుంటారు. కాస్త పెద్దపిల్లల్ని ముందు "నువ్వేం విన్నావు?" అని అడగండి. వాళ్ల ఊహ చాలాసార్లు నిజంకన్నా భయంకరంగా ఉంటుంది. మ్యాపు తెచ్చి ఆ దేశం ఎక్కడుందో, మనం ఎక్కడున్నామో చూపించండి. ఇంటర్ దాటినవాళ్లతో అయితే కలిసి కూర్చుని వీడియో నిజమో కాదో తేల్చండి.

కుటుంబ గ్రూపులో ఒక మతాన్నో ఒక దేశాన్నో పురుగులని, చావాల్సినవాళ్లని రాసే మెసేజ్ వస్తే ఊరుకోకండి. 1994లో రువాండాలో రేడియో ఒక తెగవారిని బొద్దింకలని పదేపదే పిలిచింది. వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని చంపారు. అయితే గ్రూపులో అందరి ముందు ఎదిరిస్తే పెద్దవాళ్లకు పంతం వస్తుంది. విడిగా రాయండి: "బాబాయ్ గారూ, ఆ వీడియో పాతదట, ఇదిగో చూడండి. గ్రూపులో పిల్లలున్నారు కదా, తీసేస్తారా?" రెండు రోజుల లోపైతే అందరి ఫోన్లలోంచీ తీసెయ్యొచ్చు. తీసేశాక మళ్లీ ఆ ప్రస్తావన తేకండి.

అయినా మనసు తేలికపడకపోతే

ఇవన్నీ చేస్తున్నా రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది వార్తల బెంగ ఒక్కటే కాకపోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చెయ్యండి, నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే "నిద్ర పట్టడం లేదు, వార్తలు చూస్తే గుండె దడ వస్తోంది" అనండి, తర్వాతవి వాళ్లే అడుగుతారు. నేరుగా చూపించుకోవాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఇంట్లో ఎవరైనా బతకాలని లేదని అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు తాళం వేసిన చోటికి మార్చండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, 108కి ఫోన్ చేసి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.